స్వీడన్ ట్యాంకులు, ట్రాక్ బండ్లను గుర్తుపట్టడం ఎలా?

ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక స్వీడన్ సాయుధ వాహనాలు మన టీవీల్లో, ఫోన్లలో తరచుగా కనిపిస్తున్నాయి. 50 సీవీ 90లను, 10 లెపర్డ్ ట్యాంకులను ఇస్తామని స్వీడన్ 2023లో ప్రకటించింది. 2024లో పాత పీబీవీ 302లను కూడా ఆ జాబితాలో చేర్చింది. మన వార్తల్లో మాత్రం ఈ మూడింటికీ ఒకటే పేరు: యుద్ధ ట్యాంకు. నిజానికి వీటిలో ట్యాంకు ఒక్కటే. మిగతా రెండూ సైనికులను లోపల కూర్చోబెట్టుకుని తీసుకెళ్లే బండ్లు. లెపర్డ్‌లో ఉండేది నలుగురు. సీవీ 90 నిండా జనం ఉంటే పదిమంది పైనే. కాలిపోయిన బండి ఫొటో కింద ఏ పేరు రాశారన్నది అందుకే చిన్న విషయం కాదు.

సైన్యంలో పని చేసినవాళ్లకే ఇది తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఓపిగ్గా చూస్తే ఎవరికైనా వస్తుంది. చూడాల్సిన వరుస తెలియాలి, అంతే. అది ఇక్కడ చెబుతాను.

ముందు ఫొటోలో పై సగాన్ని కప్పేయండి

చేత్తో కప్పినా సరే, కాగితం అడ్డం పెట్టినా సరే. గన్ కనిపించకూడదు. కొత్తగా చూసేవాళ్ల కన్ను నేరుగా గన్ మీదికే వెళ్తుంది. తప్పు అక్కడే మొదలవుతుంది. గన్ మార్చవచ్చు, టరెట్ (గన్ ఉండే, పైన తిరిగే గోపురం) మార్చవచ్చు, అదనపు కవచం తగిలించవచ్చు. డ్రోన్ల భయంతో పైన ఇనుప పంజరం కట్టవచ్చు. స్వీడన్ వాళ్లకైతే బండి మొత్తాన్ని బర్రాకుడా అనే మందపాటి వలతో కప్పే అలవాటు ఉంది. వేడిని, రాడార్‌ను కూడా మోసం చేసే ఈ వలను సాబ్ కంపెనీ తయారు చేస్తుంది. అది కప్పాక బండి అంచులే కనిపించవు.

ఇన్ని మారినా కింద ఉండే చక్రాలు మాత్రం మారవు. అసలు గుర్తు అక్కడే ఉంటుంది.

మొదటి అడుగు: బాడీ ఒకటా, రెండా?

ముందొక డబ్బా, వెనకొక డబ్బా, మధ్యలో కీలు, రెండింటికీ ట్రాక్‌లు (చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు) ఉన్నాయంటే అది బాండ్‌వాగ్న్ కుటుంబానికి చెందిన బండి. మంచులో, బురదలో కూరుకుపోకుండా నడవడానికి పుట్టింది. ఇక చక్రాలు లెక్కపెట్టే పని లేదు.

ఇందులో పాతది బీవీ 202, దాన్ని చేసింది వోల్వో. తర్వాత హెగ్లుండ్స్ కంపెనీ చేసిన బీవీ 206 ప్రపంచమంతా తిరిగింది. దాని బాడీ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్, అద్దాలు వెడల్పు. కాబట్టి అది కవచ వాహనం కిందికి రాదు. గోడలు ఉక్కువై, ఏటవాలుగా ఉండి, కిటికీలు చిన్నవైతే బీవీ 206ఎస్. అంతకంటే పెద్దగా, బలంగా కనిపిస్తే బీవీఎస్ 10. స్వీడన్ సైన్యంలో దీని పేరు బాండ్‌వాగ్న్ 410. దీన్ని మనమూ చూడబోతున్నాం. 2025లో ఎల్ అండ్ టీకి భారత సైన్యం నుంచి ఈ బండ్లకు ఆర్డర్ వచ్చింది. ‘సింధు’ అన్న పేరుతో గుజరాత్‌లోని హజీరాలో తయారు చేస్తున్నారు.

ఒక్క మినహాయింపు. రెండు డబ్బాల బండి మీద పెద్ద ట్యాంకు గన్ కనిపిస్తే అది యూడీఈఎస్ ఎక్స్‌ఎక్స్ 20 అనే ప్రయోగ వాహనం. సైన్యంలో చేరలేదు.

రెండో అడుగు: టరెట్ ఉందా?

పైన తిరిగే గోపురం లేకుండా, పొడవాటి గన్ నేరుగా బాడీలోంచే బయటికి వస్తోందా? నేలకు అంటుకున్నట్టు పొట్టిగా, ముందు భాగం ఉలి అంచులా వాలి ఉందా? అయితే మీరు చూస్తున్నది స్ట్రిడ్స్‌వాగ్న్ 103. ప్రపంచం దీన్ని ఎస్ ట్యాంక్ అంటుంది. స్వీడన్ చేసిన బండ్లన్నిటిలోనూ నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. ఇలా ఆలోచించడానికి ధైర్యం కావాలి.

స్వెన్ బెర్యె అనే ఇంజినీరు 1950ల మధ్యలో ఈ ఆలోచన చేశాడు. ట్యాంకుకు దెబ్బలు ఎక్కువగా తగిలేది టరెట్‌కే కదా, దాన్ని తీసేస్తే ఏమవుతుంది? గన్‌ను బాడీకి బిగించేశారు. పక్కకు గురిపెట్టాలంటే బండి మొత్తం ట్రాక్‌ల మీద తిరుగుతుంది. పైకీ కిందికీ అయితే సస్పెన్షన్‌లో నూనె ఒత్తిడి మార్చి బండి ముక్కునే లేపుతారు లేదా వంచుతారు. గన్ కదలదు కాబట్టి వెనకున్న యంత్రం గుండ్లను తనే లోడ్ చేయగలదు. అలా గుండ్లు ఎక్కించే లోడర్ అవసరం పోయి ముగ్గురితో సరిపోయింది. ఆ ముగ్గురిలో ఒకరు వెనక్కి తిరిగి కూర్చుంటాడు. ప్రమాదం ఎదురైతే బండిని తిప్పకుండానే అతను వెనక్కి నడిపేస్తాడు. ఇంజిన్లు కూడా రెండు, ఒకటి డీజిల్, ఇంకోటి గ్యాస్ టర్బైన్. రెండూ ముందు భాగంలోనే ఉంటాయి. 1967 నుంచి 1971 వరకు 290 చేశారు. 1990ల చివరికి సేవ నుంచి తప్పించారు.

ఇది ఎస్ ట్యాంకే అని ధ్రువపరచుకోవాలంటే ఇవి చూడండి. పక్కకు నాలుగే పెద్ద చక్రాలు. ముందు ఏటవాలు మీద ఎడమ వైపు ఒక పెట్టె, అందులో బిగించిన రెండు మెషిన్ గన్లు. పైన కుడి వైపు కమాండర్ గుమ్మటం. ముక్కు కింద మడిచిన మట్టి తోసే బ్లేడు. ట్రాక్‌ల పైన పక్కల వెంట వరుసగా డీజిల్ క్యాన్లు కనిపిస్తే అది 103సీ, అంటే చివరి రకం. ఆ క్యాన్లు ఇంధనానికే కాదు, వచ్చే గుండుకు అడ్డుగోడగా కూడా పనికొస్తాయి.

ముందు భాగంలో ఇనుప కడ్డీల కంచె ఒకటి కొన్ని ఫొటోల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. దాన్ని చూసి వేరే రకం అనుకోకండి. యుద్ధం వస్తేనే తగిలించాలని ఆ కంచెను చాలాకాలం రహస్యంగా ఉంచారు. అందుకే పాత విన్యాసాల ఫొటోల్లో కనపడదు.

టరెట్ లేని స్వీడన్ బండ్లు ఇంకొన్ని ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు సావ్ ఎం/43 పెట్టె ఆకారంలో ఉంటుంది, ఏటవాలు ముక్కు ఉండదు. తర్వాత వచ్చిన ఐకేవీ 102, 103 చాలా చిన్నవి, పది టన్నుల లోపే. ఎస్ ట్యాంక్ 40 టన్నుల చుట్టుపక్కల ఉంటుంది. పక్కన మనిషి నిలబడిన ఫొటో దొరికితే ఇక తేడా అడగక్కర్లేదు.

మూడో అడుగు: చక్రాలు లెక్కపెట్టండి

టరెట్ ఉందని తేలాక చక్రాల దగ్గరికి రండి. నేలను తాకే పెద్ద చక్రాలనే లెక్కపెట్టాలి. ట్రాక్‌కు రెండు చివర్లా నేలకు కాస్త పైన ఉండే చక్రాలను కలపకండి. వాటిలో ఒకటి పళ్లున్న స్ప్రాకెట్. మన బైక్ వెనక చక్రానికి చైన్ స్ప్రాకెట్ ఎలాగో ఇదీ అలాగే, ఇంజిన్ బలంతో ట్రాక్‌ను లాగేది ఇదే. రెండోది పళ్లు లేనిది, ట్రాక్‌ను బిగుతుగా పట్టి ఉంచుతుంది.

స్ప్రాకెట్ ముందుందా వెనకుందా అన్నది కూడా అప్పుడే రాసుకోండి. నా లెక్కన చక్రాల సంఖ్య తర్వాత అంతటి గుర్తు ఇదే. సైనికులను మోసే బండికి వెనక తలుపు కావాలి. అందుకని ఇంజిన్ ముందుకు వస్తుంది, దానితో స్ప్రాకెట్ కూడా ముందుకే వస్తుంది. మామూలు ట్యాంకులో ఇంజిన్, స్ప్రాకెట్ రెండూ వెనకే ఉంటాయి. ఎస్ ట్యాంక్ ఇక్కడా దారి తప్పింది, దాని ఇంజిన్లు ముందున్నాయి కాబట్టి స్ప్రాకెట్ కూడా ముందే.

ఇక లెక్క.

నాలుగు చక్రాలు, టరెట్ ఉంది అంటే మీరు పాత బండిని చూస్తున్నారు. లాండ్స్‌వెర్క్ కంపెనీ చేసిన ఎం/38, ఎం/39, ఎం/40 కావచ్చు, చెక్ డిజైన్‌కు లైసెన్స్ తీసుకుని స్కానియా వాబిస్ కట్టిన ఎం/41 కావచ్చు. ఎం/41 చక్రాలు చాలా పెద్దవి, ట్రాక్ ఎత్తును దాదాపు నింపేస్తాయి.

ఐదు చక్రాలు, స్ప్రాకెట్ ముందు అంటే పీబీవీ 302. హెగ్లుండ్స్ దీన్ని 1966 నుంచి 1971 దాకా కట్టింది. పెట్టెలాంటి బాడీ. ముందు మధ్యలో డ్రైవర్, అతనికి ఎడమ వైపు ఒక్క మనిషి పట్టే చిన్న టరెట్, అందులో 20 మి.మీ. గన్. నీళ్లలో ఈదుతుంది కూడా. దీన్ని అమెరికా ఎం113తో కలిపేసేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే దానికీ ఐదు చక్రాలే, స్ప్రాకెట్ కూడా ముందే. వెనక నుంచి తీసిన ఫొటో ఉంటే పని తేలిక. ఎం113కు కిందికి దిగే పెద్ద పలక ఉంటుంది. 302కు పక్కకు తెరుచుకునే రెండు తలుపులు ఉంటాయి.

ఆరు చక్రాల దగ్గర అసలు చిక్కు. ఇక్కడ ముఖ్యంగా ఐదు రకాల బండ్లు గుంపుగా ఉన్నాయి, వాటిలో స్వీడన్ డిజైన్లు రెండే. నిదానంగా చూద్దాం.

చక్రాలు రెండేసి చొప్పున మూడు జతలుగా ఉండి, స్ప్రాకెట్ వెనక ఉంటే సెంచూరియన్. ఇది బ్రిటన్ ట్యాంకు. స్వీడన్ 1953 నుంచి కొన్నది. మన సైన్యం కూడా వాడింది. 1971లో బసంతర్ దగ్గర సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ పోరాడింది సెంచూరియన్‌లోనే. మన సైనిక చరిత్ర చదివినవాళ్లకు ఈ ట్యాంకు రూపం ముందే తెలిసి ఉంటుంది.

చక్రాలు సమాన దూరంలో ఉండి, స్ప్రాకెట్ వెనకే ఉండి, బాడీ తేలిగ్గా, పలచగా కనిపిస్తే ఐకేవీ 91. దీని గన్ 90 మి.మీ., బరువు 16 టన్నుల పైచిలుకు. సరస్సుల దేశంలో ఈదుకుంటూ వెళ్లి శత్రు ట్యాంకులను కొట్టడానికి చేశారు. మొత్తం 212 కట్టారు. కవచం పలచన కాబట్టి దీన్ని పెద్ద ట్యాంకుల పక్కన నిలబెట్టి పోల్చకూడదు.

ఆరు చక్రాలు, స్ప్రాకెట్ ముందు, టరెట్ మాత్రం బాగా వెనక, మేడలా పెద్దది అయితే బాండ్‌కానోన్ 1. బోఫోర్స్ కంపెనీ 155 మి.మీ. ఫిరంగి. 1980ల్లో మన దేశం కొని కార్గిల్‌లో వాడిన బోఫోర్స్ గన్ కూడా 155 మి.మీ.దే, కానీ అది లారీ వెనక కట్టి లాక్కెళ్లేది. బాండ్‌కానోన్ తన ట్రాక్‌ల మీద తనే నడుస్తుంది. 14 గుండ్ల మ్యాగజైన్‌ను నిమిషంలోపే ఖాళీ చేస్తుంది. బరువు 53 టన్నులు, వేగం గంటకు 28 కిలోమీటర్లే. కట్టింది 26 మాత్రమే కాబట్టి బయట ఎదురయ్యే అవకాశం తక్కువ. 2003లో సేవ నుంచి తప్పించారు.

మిగతా రెండూ సోవియట్ బండ్లు. జర్మనీ ఏకమయ్యాక తూర్పు జర్మనీ సైన్యం వదిలేసిన వాహనాలను స్వీడన్ 1990ల్లో చవగ్గా కొనుక్కుంది. ఎంటీ ఎల్‌బీకి పీబీవీ 401 అని, బీఎంపీ 1కు పీబీవీ 501 అని పేరు పెట్టుకుంది. రెండింటికీ ఆరు చక్రాలు, ముందు స్ప్రాకెట్. తేడా ట్రాక్ పై వరసలో ఉంది. పెద్ద చక్రాలకు పైన ట్రాక్‌ను మోసే మూడు చిన్న చక్రాలు ఉంటే బీఎంపీ. అవి లేకుండా ట్రాక్ పెద్ద చక్రాల మీదే వాలిపోతే ఎంటీ ఎల్‌బీ. బీఎంపీకి ముక్కు సూదిగా, మీద గీతల గీతలుగా మడతలు ఉంటాయి. మధ్యలో బోర్లించిన మూతలాంటి చిన్న టరెట్.

బీఎంపీని తెలంగాణవాళ్లు ప్రత్యేకంగా చూడాలి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారైన ‘శరత్’ దీని తర్వాతి తరం, బీఎంపీ 2. రిపబ్లిక్ డే పరేడ్‌లో శరత్‌ను చూసినవాళ్లకు స్వీడన్ 501 చక్రాలు కొత్తగా అనిపించవు. తేడా పైన ఉంటుంది. శరత్ టరెట్ పెద్దది, గన్ సన్నగా పొడుగ్గా 30 మి.మీ. బీఎంపీ 1 టరెట్ చిన్నది, గన్ పొట్టిగా లావుగా 73 మి.మీ.

ఏడు చక్రాలు ఉంటే ఇప్పటి స్వీడన్ సైన్యంలోని రెండు ముఖ్యమైన బండ్లలో ఒకటి. స్ప్రాకెట్ వెనక ఉంటే లెపర్డ్ 2, ముందు ఉంటే సీవీ 90. వార్తల ఫొటోల్లో ఎక్కువగా కలిపేసేది ఈ రెండింటినే. వల కప్పి ఉన్నా, బురద పట్టి ఉన్నా స్ప్రాకెట్ ఎటుందో తెలిస్తే చాలు, తేలిపోతుంది.

నాలుగో అడుగు: ఇప్పుడు చెయ్యి తీసి పైకి చూడండి

కుటుంబం తెలిసింది కాబట్టి ఇక గన్, టరెట్ చూస్తే ఏ రకమో తెలుస్తుంది.

సీవీ 90 విషయానికి వద్దాం. స్వీడన్‌లో దీని పేరు స్ట్రిడ్స్‌ఫోర్డోన్ 90. హెగ్లుండ్స్, బోఫోర్స్ కలిసి 1980ల్లో రూపొందించడం మొదలుపెట్టాయి, 1993 నుంచి సైన్యానికి అందింది. మామూలు స్వీడన్ రకానికి 40 మి.మీ. బోఫోర్స్ గన్ ఉంటుంది, అందుకే 9040 అంటారు. గొట్టం పొడుగ్గా, లావుగా కనిపిస్తుంది. నార్వే, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ కొన్నవాటికి 30 మి.మీ., డెన్మార్క్, నెదర్లాండ్స్ కొన్నవాటికి 35 మి.మీ. గన్లు. ఈ గొట్టం తేడా ఒక్క ఫొటోతో కనిపెట్టడం మొదట్లో కష్టమే. మూడు దేశాల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని నాలుగైదు సార్లు చూస్తే కంటికి అలవాటవుతుంది. స్వీడన్ కూడా ఇప్పుడు 35 మి.మీ. రకాన్ని ఆర్డర్ చేసింది కాబట్టి, 40 అయితేనే స్వీడన్‌ది అన్న సూత్రం ఇకముందు పనిచేయదు.

ఇదే బాడీ మీద స్వీడన్ వేరే పనుల బండ్లు కూడా కట్టింది. టరెట్ వెనక గుండ్రటి డ్రమ్ములాంటి రాడార్ ఉంటే ఎల్‌వీకేవీ 90, విమానాలను, హెలికాప్టర్లను కొట్టేది. ఒకటి కాకుండా రెండు లావాటి గొట్టాలు పక్కపక్కన ఉంటే మ్యోల్నెర్, 120 మి.మీ. జంట మోర్టార్. దీన్ని 2016లో ఆర్డర్ చేశారు, 2019 నుంచి సైన్యానికి వచ్చింది. టరెట్ లేకుండా క్రేన్, వించ్ సామాను కనిపిస్తే చెడిపోయిన బండ్లను లాక్కొచ్చే బీజీబీవీ 90. పెద్ద గన్ లేకుండా మెషిన్ గన్ మాత్రమే ఉంటే ఫిరంగులకు గురి చెప్పే రకమో, కమాండ్ రకమో అయి ఉంటుంది. రెండో అడుగులో టరెట్ లేదని తేలినప్పుడు ఏడు చక్రాలు కనిపిస్తే ఇటు రావాలి, ఎస్ ట్యాంక్ వైపు పోకూడదు.

లెపర్డ్ 2లో స్వీడన్ రెండు రకాలు నడిపింది. జర్మనీ నుంచి లీజుకు తెచ్చుకున్న 160 పాత లెపర్డ్ 2ఏ4లకు స్ట్రిడ్స్‌వాగ్న్ 121 అని పేరు. వాటి టరెట్ ముందు గోడ నిలువుగా, చదునుగా ఉంటుంది. తర్వాత వచ్చిన 120 కొత్తవి స్ట్రిడ్స్‌వాగ్న్ 122. వీటి టరెట్ ముందు భాగం బాణం మొనలా కోసుగా ఉంటుంది. అయితే జర్మనీ లెపర్డ్ 2ఏ5 కూడా అలాగే ఉంటుంది. అప్పుడు మూడు చోట్ల చూడాలి. టరెట్ పైకప్పు మీద మందంగా అదనపు కవచం ఉందా? బాడీ ముందు ఏటవాలు మీద ఇంకో దిమ్మ బిగించినట్టు ఉందా? పొగ గుండ్లు విసిరే గొట్టాలు జర్మనీ వరసలో కాకుండా ఫ్రెంచి గాలిక్స్ రకంవా? మూడూ అవునంటే 122 అని దాదాపు ఖాయం. గ్రీస్, స్పెయిన్ లెపర్డ్‌లకు కూడా ముందు కవచం ఇలాగే ఉంటుంది. అందుకని ఆ ఒక్కదాన్నే నమ్ముకోకండి. గన్ పొడవు కూడా చూడండి. జర్మనీ 2ఏ6 గొట్టం 122 గొట్టం కంటే బాగా పొడుగు.

సెంచూరియన్లలో తేడాలు కనిపెట్టడం ఓపిక ఉన్నవాళ్ల పని. 84 మి.మీ. గన్ ఉన్నది స్ట్రిడ్స్‌వాగ్న్ 81. 105 మి.మీ. గన్‌తోనే వచ్చింది 101. 81కే 105 మి.మీ. గన్ పెట్టి మార్చినది 102. దానికి డీజిల్ ఇంజిన్ కూడా వేస్తే 104. ఈ చివరిదానికి ఇంజిన్ ఉన్న వెనక భాగం ఎత్తుగా లేచి ఉంటుంది.

ఐదో అడుగు: నంబరును చదవండి

పైన చెప్పిన అంకెలు ఇష్టం వచ్చినట్టు పెట్టినవి కావు. స్వీడన్ ట్యాంకుల నంబరులో ముందు అంకెలు గన్ కొలతను సెంటీమీటర్లలో చెబుతాయి, చివరి అంకె ఆ కొలతలో ఎన్నో ట్యాంకో చెబుతుంది. 103 అంటే 10.5 సెంటీమీటర్ల గన్ వాటిలో మూడోది. 122 అంటే 12 సెంటీమీటర్ల వాటిలో రెండోది. 81 అంటే 8.4 సెంటీమీటర్లలో మొదటిది. ఐకేవీ 91 కూడా ఇలాగే, 9 సెంటీమీటర్లలో మొదటిది. కాబట్టి మీరు ఎస్ ట్యాంక్ అనుకున్న బండి పక్కన 121 అని రాసి ఉంటే, రెంటిలో ఒకటి తప్పని నంబరే చెబుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. వరస నంబర్లు ఉన్నవి అన్నదమ్ములు కానక్కర్లేదు. 101, 102, 104 మూడూ సెంచూరియన్లు. మధ్యలో ఉన్న 103కూ వాటికీ పోలికే లేదు, గన్ కొలత ఒకటి కావడమే కారణం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు బండ్లకు ఈ పద్ధతి వర్తించదు. ఎం/42 అంటే 1942లో తీసుకున్నదని అర్థం. పీబీవీ పేర్లలోని అంకెల్లో గన్ కొలత వెతకవద్దు.

2025 జనవరిలో స్వీడన్ 44 కొత్త లెపర్డ్ 2ఏ8లను ఆర్డర్ చేసింది. వాటి వరస 123. ఇకపై వచ్చే ఫొటోల్లో ఈ నంబరు కూడా చూస్తారు.

ఆరో అడుగు: స్వీడన్‌దే అని ఖాయం చేసుకోండి

సీవీ 90, లెపర్డ్ చాలా దేశాల్లో ఉన్నాయి కాబట్టి బండి రకం తెలిసినంత మాత్రాన దేశం తెలిసినట్టు కాదు. రంగు చూడండి. స్వీడన్ మచ్చలు గుండ్రంగా ఉండవు. కత్తిరించిన గాజు ముక్కల్లా సూటి అంచులతో, ఆకుపచ్చ ఛాయలు, నలుపు కలిసి ఉంటాయి. నంబరు ప్లేటు కనిపిస్తే ఇంకా మంచిది. స్వీడన్ సైనిక వాహనాలకు నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు మాత్రమే ఉంటాయి, అక్షరాలు ఉండవు.

బండి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో కూడా సరిచూడండి. ఎస్ ట్యాంక్ ఈరోజు యుద్ధంలో కనిపించిందని ఎవరైనా ఫొటో పెడితే నమ్మకండి, అది ఎప్పుడో రిటైర్ అయింది. ఉక్రెయిన్ రంగులో ఉన్న 9040 మాత్రం నిజమే కావచ్చు. గేములు ఆడే పిల్లలకు ఇంకో మాట చెప్పాలి. అక్కడ మీరు నడిపే క్రాన్‌వాగ్న్ పూర్తి ట్యాంకుగా ఎప్పుడూ తయారు కాలేదు. దాని కింది బాడీలు మాత్రమే కట్టారు. సీవీ 90 మీద 120 మి.మీ. గన్ పెట్టిన రకం కూడా అమ్మకానికి చూపించిన నమూనాయే, స్వీడన్ సైన్యం తీసుకోలేదు. ఆర్చర్ అనే స్వీడన్ ఫిరంగి నిజంగానే ఉంది, కానీ అది టైర్ల మీద నడుస్తుంది. ఈ వరసతో దాన్ని కనిపెట్టలేరు.

ఎలా సాధన చేయాలి

నోటు పుస్తకంలో ఒక్కో బండికి ఒక్కో పేజీ ఇవ్వండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు. కింద చక్రాలు గుండ్రాలుగా గీసి, స్ప్రాకెట్‌కు పళ్లు పెట్టి, టరెట్ ఎక్కడుందో ఒక డబ్బాతో చూపించండి చాలు. చేత్తో గీసిన లెక్క కంటితో చూసినదానికంటే ఎక్కువ రోజులు గుర్తుంటుంది. మొదట 103, 302, సీవీ 90, లెపర్డ్ నాలుగే నేర్చుకోండి. నాలుగు, ఐదు, ఏడు, ఏడు. ఆరు చక్రాల గుంపు జోలికి ఆ తర్వాతే వెళ్లండి. పక్క నుంచి తీసిన ఫొటోలు బాగా వచ్చాక, ముందు నుంచి, వెనక నుంచి తీసినవి చూడండి. ముందు నుంచి చూస్తే చక్రాలు కనపడవు కాబట్టి అప్పుడు ముక్కు వాలు, డ్రైవర్ కిటికీ, టరెట్ ఏ పక్కకు జరిగి ఉందన్నవే ఆధారం.

చదువుకో ఉద్యోగానికో స్వీడన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు గొప్ప సదుపాయం ఉంది. స్టాక్‌హోమ్‌కు పడమరగా స్ట్రెంగ్‌నేస్ ఊరి దగ్గర ఆర్సెనాలెన్ అనే సైనిక వాహనాల మ్యూజియం ఉంది, 2011లో తెరిచారు. పిల్లలను తీసుకెళ్తే బండ్ల ముందున్న పేరు పలకలు చదవనివ్వకండి. ముందు చక్రాలు లెక్కపెట్టించి, స్ప్రాకెట్ వెతికించి, పేరు వాళ్లతోనే చెప్పించి, ఆ తర్వాత పలక చూపించండి. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఎస్ ట్యాంక్‌ను చూడొచ్చు.

మ్యూజియం బయట మాత్రం ఒక నియమం గట్టిగా పాటించాలి. స్వీడన్‌లో ‘స్కిడ్స్‌ఓబ్యెక్ట్’ అని బోర్డు ఉన్న సైనిక స్థలాల్లో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అలాంటి చోట్ల ఫొటో తీయడం కూడా నిషేధం కావచ్చు, బోర్డు మీద ఏముందో చదివి తెలుసుకోండి. అక్కడ నిలబెట్టిన బండి ఎంత అరుదైనదైనా సరే, ఫోన్ జేబులోనే ఉంచండి.